ఆ ఇల్లు ఎవరి పేరు మీద

1984 జనవరిలో మా సంస్థ నన్ను బొంబాయిలోని దాదర్ కార్యాలయం నుంచి కామాటిపురా విభాగానికి బదిలీ చేసింది. నా హోదా కుటుంబ పరిశీలకురాలు. నా పైన క్షేత్రాధికారి, ఆయన పైన కార్యదర్శి ఉండేవారు, అందరి పైనా కేటాయింపు సంఘం ఉండేది. మా నాన్న రైల్వేలో గుమాస్తా. నేను పుట్టి పెరిగింది పరేల్‌లో. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బడిలో హిందీ వచ్చేశాయి కాబట్టి తెలుగువాళ్ల చాళ్లలో, అంటే ఒంటిగదుల అద్దె మేడల్లో, పని పడగానే నా పేరు రాశారు.

మాది ధర్మాదాయ గృహనిర్మాణ సంస్థ. దాతలిచ్చిన విరాళాలతో స్థలం, సిమెంటు, ఇనుము మేము సమకూర్చేవాళ్లం. ఇల్లు పొందబోయే కుటుంబాలు ప్రతి ఆదివారం వచ్చి పనిచేయాలి. దీన్ని మేము 'శ్రమ వంతు' అనేవాళ్లం. శ్రమ వంతు పూర్తిచేసిన కుటుంబానికే తాళంచెవి. ఆ కుటుంబం అద్దెకుండేది కాదు, సొంతదారు. కాయితాల మీద కూడా అలాగే రాసి ఇచ్చేవాళ్లం.

మాకు అప్పగించిన చాళ్ ఫోరస్ రోడ్‌కు దగ్గరలో ఒక సందులో ఉండేది. వెనక భాగం పక్కకు ఒరిగితే మునిసిపాలిటీ వాళ్లు దూలాలు ఊతంగా పెట్టి, ప్రమాదకరమని నోటీసు అంటించారు. అక్కడున్నవి దాదాపు అన్నీ పాలమూరు నుంచి వచ్చిన కుటుంబాలే. కొందరు ముత్తాతల కాలంలో వచ్చారు, కొందరు ఈమధ్యే. రాళ్లు మోయడానికి, గోడలు కట్టడానికి వచ్చినవాళ్లు. ఈ ఊళ్లో ఎన్నో మేడలు వాళ్ల చేతుల మీదుగా లేచాయి. వాళ్లలో ఒక్కరి పేరు మీదా ఒక్క గోడ కూడా లేదు. అలాంటివాళ్లు తమ కోసం ఇల్లు కట్టుకుంటే ఎలా కడతారు, అందులో ఎలా ఉంటారు అన్నది చూడాలని నాకు చాలా ఆసక్తిగా ఉండేది.

పరిశీలకురాలి పని మొదట కుటుంబం అంటే ఎవరెవరో తేల్చడం. వినడానికి తేలిగ్గా ఉంటుంది కానీ చాళ్‌లో అది తేలేది కాదు. ఒకే ఖోలీలో, ఆ ఒంటిగదిలో, అన్నదమ్ములు, వాళ్ల పిల్లలు, ఊరినుంచి పనికొచ్చిన బావమరిది, రాత్రిళ్లు మాత్రమే పడుకోవడానికొచ్చే చుట్టం, అందరూ ఉండేవారు. అందుకే ఒక్కో గదికి వేర్వేరు వేళల్లో వెళ్లేవాళ్లం. పొద్దున నీళ్లొచ్చే వేళ వెళితే ఎవరి బిందెలు ఎవరు నింపుతున్నారో తెలుస్తుంది. మధ్యాహ్నం వెళితే చుట్టి మూలన పెట్టిన పడకలు కనిపిస్తాయి. సాయంత్రం వంట దగ్గర అసలు సంగతి బయటపడుతుంది. మా నియమం ప్రకారం ఒక పొయ్యి అంటే ఒక కుటుంబం.

రెండో అంతస్తు చివరి ఖోలీలో రెండు కిరోసిన్ స్టవ్‌లు కనిపించాయి.

ఆ గదిలో ఇద్దరు ఆడవాళ్లు, ఒక అమ్మాయి ఉండేవారు. పెద్దామె సాయమ్మకు యాభై దాటి ఉంటాయి. చిన్నామె బాలమణికి ముప్పై అయిదు. అమ్మాయి లక్ష్మి బాలమణి కూతురు, మునిసిపాలిటీ బడిలో చదువుతోంది. గదికి ఈ పక్కన ఒక స్టవ్, ఆ పక్కన ఒకటి. ఉప్పు డబ్బా మాత్రం ఒకటే. అది కిటికీ దిమ్మె మీద సరిగ్గా మధ్యలో ఉండేది. అందులోంచి ఇద్దరూ తీసుకునేవారు.

వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరని రెండోసారి వెళ్లినప్పుడు గమనించాను. నీళ్లు రాగానే సాయమ్మ గోడవైపు చూసి "నల్లా వచ్చింది" అంది. బాలమణి లేచి బిందె తీసుకుంది. కాసేపటికి బాలమణి తలుపువైపు చూసి "గాసులేటు అయిపోవచ్చింది" అంది. సాయమ్మ కిరోసిన్ కోసం రేషన్ కార్డు తీసి గడప దగ్గర పెట్టింది. పోట్లాట లేదు, మొహం ముడుచుకోవడం లేదు. మాట మాత్రం ఒకరి మొహం మీదికి మరొకరు వదలరు. ఇంకోసారి వెళ్లేసరికి సాయమ్మకు జ్వరం. ఆమె స్టవ్ చల్లగా ఉంది. బాలమణి వైపున్న గిన్నెలోంచి అన్నం తీసి, మూతపెట్టి సాయమ్మ పడక పక్కన ఉంచారు. ఎవరు ఉంచారని నేను అడగలేదు.

వాళ్లిద్దరూ ఒకే మనిషి భార్యలు. మల్లయ్య అనే తాపీ మేస్త్రీ సాయమ్మను చిన్నప్పుడే పెళ్లి చేసుకున్నాడు. పిల్లలు కలగలేదు. చాలా ఏళ్ల తర్వాత పనిచోట కలిసిన బాలమణిని తెచ్చుకున్నాడు. కొన్నేళ్ల కిందట కామెర్లు ముదిరి చనిపోయాడు. ఖోలీ అద్దె రసీదు, అంటే పావతి, ఇంకా ఆయన పేరు మీదే వస్తోంది.

నియమం చూస్తే రెండు స్టవ్‌లు కాబట్టి రెండు కుటుంబాలు, రెండు ఇళ్లు రావాలి. అలాగే రాయవచ్చా అని క్షేత్రాధికారిని అడిగాను. ఒక పావతికి ఒకే ఇల్లు, ఆ నియమం మరింత గట్టిదని చెప్పారాయన. నేను ఈ సంగతి సాయమ్మకు చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు.

"రెండిండ్లు మేమెందుకు అడుగుతం బిడ్డా. మాది ఒక్కటే ఇల్లు. స్టవ్‌లు రెండెందుకంటే మాకు మాటల్లేవు, గంతే" అంది.

ఆ విధంగా ఒకే ఇల్లు, చనిపోయిన అద్దెదారుడి భార్యగా సాయమ్మ పేరు మీద ప్రతిపాదించాం. అప్పటి పద్ధతిలో అందులో తప్పేమీ లేదు. చట్టం రెండో పెళ్లిని పెళ్లిగా చూడదు. బాలమణి, లక్ష్మి 'ఆమెతో నివసించేవారు' అన్న వరుసలో చేరారు.

స్థలం నగరానికి బాగా ఉత్తరాన ఉండేది. లోకల్ రైలు దిగాక మళ్లీ బస్సెక్కాలి. వానాకాలం పోయాక పని మొదలైంది. గోడకు గోడ కలిపి, వరుసగా చిన్న చిన్న ఇళ్లు. ప్రతి ఇంటికీ ఒక గది, ఒక వంటిల్లు, లోపలే మరుగుదొడ్డితో నీళ్ల గది. ఆడవాళ్లు ఎక్కువమంది ముందుగా పోయి చూసేది ఆ నీళ్ల గదినే. పైకప్పు లేని ఆ నాలుగు గోడల మధ్య కాసేపు నిలబడి బయటికి వచ్చేవారు. చాళ్‌లో అంతస్తంతటికీ కలిపి ఒక మూల మరుగుదొడ్లు ఉండేవి. అక్కడ పొద్దున్నే వరుసలో నిలబడి పెరిగినవాళ్లకు ఆ గోడలు ఏమనిపించాయో నేను ఊహించుకోగలను.

సాయమ్మ, బాలమణి ఇద్దరూ ఆదివారం తప్పకుండా వచ్చేవారు. ఇద్దరూ చిన్నప్పటి నుంచీ కట్టుబడి పనుల్లో కూలి చేసినవాళ్లే. కాంక్రీటు మోసే ఇనప తట్టను బొంబాయిలో ఘమేలా అంటారు. మనుషులు వరుసగా నిలబడి దాన్ని చేతి నుంచి చేతికి అందించాలి. ఆ వరుసలో వాళ్లిద్దరూ పక్కపక్కనే నిలబడేవారు. సాయమ్మ చెయ్యి వదిలే క్షణానికి బాలమణి చెయ్యి అక్కడ ఉండేది. మిగతావాళ్లు 'పట్టు', 'వదులు', 'జర ఆగు' అని అరుచుకుంటుంటే వీళ్ల మధ్య మాట అవసరం పడేది కాదు. నేను చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయేదాన్ని.

ఒక ఆదివారం అన్నాల వేళ బాలమణి పక్కన కూర్చుని, మాటలు ఎందుకు ఆగిపోయాయని అడిగాను. నా విచారణకు ఆ సంగతి అక్కర్లేదు. తెలుసుకోవాలనిపించి అడిగాను.

ఆమె రొట్టె తుంచుతూ, నన్ను మరాఠీలో అక్కా అన్నట్టు తాయీ అని పిలుస్తూ చెప్పింది. మల్లయ్య పోయినప్పుడు ఊరినుంచి చుట్టాలొచ్చారు. ధారావిలో ఉండే మల్లయ్య తమ్ముడు అంజయ్య పెద్దరికం వహించాడు. దినం నాడు గాజులు తీసే తంతు సాయమ్మకే చేశారు. బాలమణిని గది బయట నిలబెట్టారు. "నువ్వేంది, నీకేం హక్కుందని అన్నడు మరిది. నేను ఆమె దిక్కు చూసిన తాయీ. ఒక్క మాట అనుమని అడిగిన. ఆమె నోరు తెరువలే. నా గాజులు నేనే వసారాలకు పోయి తీసుకున్న. గప్పటిసంది నేను మాట్లాడలే."

"మరి ఇక్కడ పనికి ఎందుకు వస్తున్నావు, ఇల్లు ఆమె పేరు మీద కదా" అన్నాను.

"నేను గిట్ల మోస్తే నా బిడ్డకు లోపల పండుకునేంత జాగ దొరుకుతది. గంతే చాలు. బళ్లె అడిగితే గిది నాగ్‌పాడా అని చెప్తది నా బిడ్డ. ఇంటి పత్తా నిజం చెప్పే రోజు రావాలె" అంది.

కామాటిపురా అన్న పేరు చెబితే ఎదుటివాళ్ల ముఖాలు ఎలా మారతాయో నాకూ తెలుసు. పక్క సందుల్లో జరిగే పడుపు వ్యాపారానికీ ఈ కూలీ కుటుంబాలకూ సంబంధం లేకపోయినా, ఆ పేరు అందరికీ అంటుకునేది. చాళ్‌లో చాలామంది పిల్లలు పక్కపేట నాగ్‌పాడా పేరే చెప్పేవారు.

గోడలు తలుపుల ఎత్తుకు లేచిన రోజుల్లో అంజయ్య స్థలానికి రావడం మొదలుపెట్టాడు. మనిషి గట్టిగా మాట్లాడడు. తెల్లని చొక్కా, చేతిలో గొడుగు. శ్రమ వంతులో ఆయన ఏనాడూ తట్ట పట్టలేదు. వచ్చి మల్లయ్య ఇల్లు ఏదని అడిగి, లోపలికి వెళ్లి, మూలలు చూసి, మంచం ఇక్కడ పడుతుంది, బీరువా అక్కడ పడుతుంది అని పక్కవాళ్లకు చెప్పేవాడు. రెండోసారి తన కొడుకును కూడా తీసుకొచ్చాడు. వదిన పెద్దదైపోయింది, ఆమెను చూసుకోవడానికి మగదిక్కు కావాలి, మా వాడు ఇక్కడే ఉంటాడు అన్నాడు నాతో. బాలమణి అప్పుడు ఇసుక జల్లిస్తోంది. ఆమెవైపు తల తిప్పకుండానే, బయటివాళ్ల సంగతి తర్వాత చూద్దాం అన్నాడు.

బాలమణి జల్లెడ ఆపలేదు. సాయమ్మ మాత్రం తట్ట కింద పెట్టి, చీర కొంగుతో చేతులు తుడుచుకుని, చాలాసేపు అంజయ్యను చూసింది.

తర్వాతి వారం మధ్యలో ఆమె నాగ్‌పాడా కూడలి దగ్గరున్న మా ఆఫీసుకు ఒంటరిగా నడుచుకుంటూ వచ్చింది. మెట్లెక్కి ఆయాసపడుతూ బల్ల మీద కూర్చుంది. నీళ్లిచ్చాను. తాగి, నేను చచ్చిపోతే ఇల్లు ఎవరికి పోతుందని అడిగింది.

మా న్యాయ సలహాదారు ఇలాంటి సందేహాల మీద ఇదివరకే చెప్పినదాన్ని ఆమెకు వివరించాను. పిల్లలు లేని ఆడమనిషి ఆస్తి సాధారణంగా భర్త తరఫువాళ్లకు వెళుతుంది. లక్ష్మి మల్లయ్య కూతురే కాబట్టి ఆమె అడగవచ్చు, కానీ కోర్టుకెళ్లి రుజువు చేసుకోవాలి. అప్పటివరకూ ఎవరు ఇంట్లో ఉంటే వాళ్లదే బలం.

"అంటే అంజిగాడే గద" అంది సాయమ్మ. గ్లాసు పక్కన పెట్టి, "అయితే ఇల్లు నా పేరు మీద వద్దు. బాలమణి పేరు రాయి" అంది.

బాలమణితో చెప్పారా అని అడిగాను. మాకు మాటల్లేవని నీకు ఎరుకే గద అంది. పెద్దమనుషులు ఎవరైనా ఈ ఆలోచన చెప్పారా అని కూడా అడిగాను, ఎందుకంటే ఎవరి ఒత్తిడీ లేదని నిర్ధారించుకోవడం నా విధి. ఆమె నవ్వింది. "నాకు చెప్పేటోళ్లు ఎవరున్నరు బిడ్డా" అంది.

నేను విషయాన్ని పైకి పంపాను. క్షేత్రాధికారి మొదట ఒప్పుకోలేదు. అద్దెదారుడి భార్యను వదిలి, చట్టం గుర్తించని రెండో భార్యకు ఇల్లిస్తే రేపు అన్ని గదుల్లోనూ ఇదే గొడవ మొదలవుతుందన్నారు. నేను మా నిబంధనల్లో ఒక వాక్యం చూపించాను. శ్రమ వంతు పూర్తిచేసిన, వయసొచ్చిన కుటుంబ సభ్యులలో ఎవరికైనా, మిగతా సభ్యుల సమ్మతితో ఇల్లు కేటాయించవచ్చని అందులో ఉంది. పనికి రాలేని ముసలి అద్దెదారుల కోసం రాసిన వాక్యమది. దీనికీ సరిపోతుందని నేను వాదించాను. ఆయన దాన్ని కేటాయింపు సంఘానికే వదిలేశారు.

సంఘం ముందు హాజరు కావడమంటే ఆ ఇంటి పెద్దలందరూ రావాలి. సమ్మతి నోటితో చెప్పాలి, అందరూ వినాలి. సాయమ్మ, బాలమణి ఇద్దరూ వచ్చారు. అంజయ్య కూడా బంధువుగా వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఎందుకు పిలిచారో బాలమణికి తెలియదు. ఇల్లు చేజారుతోందని భయపడి ఉంటుంది, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

మా కార్యదర్శి మరాఠీ ఆయన. మితభాషి, ప్రతి మాటా తూచి పలికే మనిషి. ఆయన అడిగింది నేను తెలుగులో చెప్పాలి, వాళ్లు చెప్పింది మరాఠీలో చెప్పాలి. సాయమ్మ బొంబాయిలో అన్నేళ్లున్నా, ఇలాంటి మాటలు తన భాషలోనే చెబుతానంది.

ఇల్లు బాలమణి పేరు మీద పెడితే, రేపు ఆమె మిమ్మల్ని వెళ్లగొడితే ఏం చేస్తారని కార్యదర్శి సాయమ్మను అడిగారు. ఆయన ప్రశ్న సబబైనదే. సంఘంలో అందరూ దానికోసమే ఎదురుచూస్తున్నారు.

సాయమ్మ తొందరపడలేదు.

"ఆమె నన్ను ఎల్లగొడితే గల్లీ గల్లీ అంత అడుగుతది. లగ్గమైన పెండ్లాన్ని ఎట్ల ఎల్లగొడ్తవని పది మంది నిలబడతరు. నేను ఆమెను ఎల్లగొడితే అడిగేటోళ్లు ఒక్కరు లేరు. నేను చచ్చినంక మా మరిది ఎల్లగొడితే ఎవ్వరు అడగరు. గందుకే ఇల్లు ఆమెకు గావాలె. నాకు పేరుంది. ఆమెకు ఏముంది?"

నేను దాన్ని మరాఠీలో చెప్పి ముగించాను. వెనక బల్ల మీంచి అంజయ్య లేచి, వదినకు మతి స్థిమితం లేదన్నట్టు ఏదో మొదలుపెట్టాడు. కార్యదర్శి చెయ్యెత్తి, మీరు ఈ ఇంటి సభ్యులు కారు, కూర్చోండి అన్నారు. అంజయ్య కూర్చున్నాడు.

బాలమణి అప్పుడు సాయమ్మవైపు తిరిగింది. గోడవైపు కాదు, నేరుగా ఆమె ముఖంలోకి చూసి, "నన్ను ఒక్క మాట అడగకపోతివి" అంది.

"నాడు నువ్వు అడిగితివి. నేను చెప్పకపోతి. గిప్పుడు చెప్తున్న" అంది సాయమ్మ.

"నాడు ఎందుకు చెప్పకపోతివి?"

"భయమైంది. నిన్ను లోపలికి రానిస్తే నన్ను బయటికి పొమ్మంటరనుకున్న."

వాళ్లేమంటున్నారని కార్యదర్శి నన్ను అడిగారు. ఇంటి విషయమే అన్నాను. అది నిజమే.

బాలమణి కళ్లు తుడుచుకుని, ఒక్కదాని పేరు వద్దు, ఇద్దరి పేర్లూ రాయమంది. ఆ తర్వాత జరిగింది మా కార్యదర్శి చాలా కాలం అందరికీ చెప్పుకునేవారు. ఇద్దరి పేర్లూ రాయడానికి సంఘం ఒప్పుకుంది. ఒకరి తర్వాత ఇల్లు రెండోవాళ్లకు, ఆ పైన లక్ష్మికి అని కూడా నిర్ణయించింది. ఆయన కలం తెరిచి మొదటి పేరు ఏదని అడిగారు. బాలమణి సాయమ్మ పేరు ముందుండాలంది. సాయమ్మ వద్దంది. నువ్వు పెద్దదానివని ఈమె, నీకు బిడ్డ ఉందని ఆమె. గొంతులు పెరిగాయి. నువ్వెప్పుడూ ఇంతే అని ఒకరు, నీ మొండితనం నాకు తెలువదా అని ఇంకొకరు. ఏళ్ల తరబడి అట్టిపెట్టుకున్న మాటలన్నీ ఆ పేర్ల వరస మీదికి వచ్చిపడ్డాయి. నేను తర్జుమా చేయడం మానేశాను. చివరికి కార్యదర్శి అక్షర క్రమంలో రాస్తున్నానని ప్రకటించి, బాలమణి పేరు ముందు రాశారు. సాయమ్మ ఒప్పుకున్నట్టు తల ఊపింది. బాలమణి ఆ రోజంతా అలిగింది.

మరుసటి ఏడు ఎండాకాలంలో తాళంచెవులిచ్చాం. అంజయ్య గృహప్రవేశానికి వచ్చాడు. భోంచేశాడు, నీళ్ల గది బాగుందన్నాడు, చీకటి పడకముందే ధారావి వెళ్లిపోయాడు. తర్వాత ఆయన ఆ ఇంటి ఊసెత్తినట్టు నేను వినలేదు. ఏమని ఎత్తగలడు? రెండు పేర్లలో ఏ ఒక్కటీ ఆయన చేతికి అందేది కాదు.

ఇల్లు చేరాక ఆ ఇద్దరూ అక్కాచెల్లెళ్లలా కలిసిపోయారని రాస్తే బాగుండేది, కానీ అలా జరగలేదు. కిటికీ తెరవాలా మూయాలా అన్న దగ్గర నుంచి ప్రతిదానికీ వాదించుకునేవారు. నేను ఏటా ఒకసారి వెళ్లి చూడాలి, అది మా తదుపరి పరిశీలన. ఎప్పుడు వెళ్లినా వీధి చివరికే వాళ్ల గొంతులు వినిపించేవి. ఒకసారి పొరుగింటామె, వీళ్లిద్దరూ రోజంతా ఇలా కొట్లాడుకుంటే మీరు ఇల్లెలా ఇచ్చారని నన్ను నిలదీసింది. లక్ష్మి అప్పటికి ఒక దుకాణంలో పనికి కుదిరింది.

ఆ సంఘటన తర్వాత మా పరిశీలన పద్ధతిలో ఒక మార్పు వచ్చింది. దాన్ని ప్రతిపాదించింది నేనే అయినా ఆలోచన సాయమ్మదని అప్పుడే నివేదికలో రాశాను. అంతవరకూ మేము ఒక గదికి వెళితే, ఇక్కడ యజమాని ఎవరు, కార్డు ఎవరి పేరున ఉంది, పావతి ఎవరిది అని అడిగేవాళ్లం. అవన్నీ బలమున్నవాళ్లను చూపించే ప్రశ్నలు. ఆ తర్వాత ఇంకొకటి కూడా అడగడం మొదలుపెట్టాం. ఈ ఇంట్లోంచి ఎవరినైనా వెళ్లగొడితే, అడిగేవాళ్లు లేనిది ఎవరికి? జవాబు కోసం ఎక్కువసేపు ఆగాల్సి వచ్చేది కాదు. గదిలో అందరూ ఒకే మనిషివైపు చూసేవారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, నా సిఫారసులో ఆ మనిషి పేరు లేకుండా ఒక్క ఇంటి కాయితం కూడా పైకి పంపలేదు.